కట్టె రంగు తీసేస్తే మిగిలేది బొగ్గే

మన ఐటీ జనాల్లో ఓ జాతి ఉంది. మొదటి ఆన్‌సైట్ నించి వస్తూ వస్తూ ఓ పెద్ద కెమెరా తెచ్చుకుంటారు. ఆర్నెల్లు పిచ్చుకల్నీ, పూలనీ, పక్కింటి పిల్లల్నీ తీస్తారు. ఏడో నెలలో జ్ఞానోదయం అవుతుంది: "రంగులు మనసుని చెదరగొడతాయి, అసలైన ఫోటో అంటే బ్లాక్ అండ్ వైటే!" ఇక లాడ్ బజార్ గాజులు కూడా నలుపూ తెలుపే. ఈ జాతిని తిట్టే హక్కు నాకు పూర్తిగా ఉంది, నేనూ అందులోవాణ్ణే కాబట్టి.

ఇవాళ్టి గొడవ తుపాకి కట్టె గురించి. భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం ఉంటుంది చూడండి, దాన్ని మావైపు ఉర్దూ మాటతో కుందా అంటారు. (మా ఊరు బిచ్కుంద. పేర్లో కుంద ఉంది గానీ ఆ కుందాకీ ఈ కుందకీ సంబంధం అంటగట్టకండి.)

మా తాతకి పన్నెండు బోరు తుపాకి ఉండేది. మంజీర ఒడ్డు చేలల్లో అడవిపందుల బెడదకి లైసెన్స్ తీసుకున్నాడు. పేల్చింది తక్కువ, తుడిచింది ఎక్కువ. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదులు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తుపాకితో వచ్చిన అక్రోటు కట్టె, నేను పుట్టకముందే బండి మీంచి పడి మెడ దగ్గర విరిగిందట. అప్పుడు ఊళ్ళో వడ్లాయన నెల రోజులు కూర్చుని కొత్తది చెక్కాడు. తాత చెయ్యి పొట్టి, మెడ పొడుగు. ఆ కొలతకే చేశాడు. పట్టు జారకుండా పిడి దగ్గర అడ్డంగా నిలువుగా సన్నటి గీతలు కూడా కోశాడు. నాగళ్ళూ, తలుపులూ చేసే మనిషి!

తాత పోయాక లైసెన్స్ మార్పించుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. 2011లో (అప్పటికి మాది ఇంకా నిజామాబాద్ జిల్లానే) తుపాకిని లైసెన్స్ ఉన్న డీలరుకి ఇచ్చేశాం. ఇచ్చే ముందు ఫోటోలు తీసే పని నాది. ఇరవై మూడు తీశాను. కెమెరాలో మోనోక్రోమ్ పెట్టి, జేపెగ్‌లో. రా ఫైల్ ఆన్ చేస్తే కార్డు నిండిపోతుందని కక్కుర్తి. అంటే రంగు దాచిపెట్టలేదు, పారేశాను.

పెద్దనాయన చూసి ఒకటే మాట అన్నాడు: "గిదేందిరా, కాలినట్టు తీసినవ్. కట్టె ఏది?"

నేను టోన్ గురించీ, మూడ్ గురించీ చెప్పబోయాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ ఏంటంటే, ఆ కట్టె జిట్రేగి అని పెద్దనాయన, టేకుకి రంగు పట్టించాడని మా బాపు. జిట్రేగి అయితే ఊదా కలిసిన గోధుమరంగులో నల్లటి చారలుంటాయి. టేకు అయితే బంగారు ఛాయ. కలర్ ఫోటో ఒక్కటుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నా ఇరవై మూడింట్లో రెండూ ఒకటే బూడిద.

ఎందుకో మనవాళ్ళకి లెక్కలో చెప్తే తొందరగా ఎక్కుతుంది. కలర్ని గ్రేకి మార్చే పాత ఫార్ములా అందరికీ తెలిసిందే: ఎరుపు 0.299, ఆకుపచ్చ 0.587, నీలం 0.114. కట్టెలాంటి గోధుమరంగు 139, 69, 19 వేసి చూడండి, 84 వస్తుంది. ముదురాకు పచ్చ 30, 115, 70 వెయ్యండి, అదీ 84. మూడు నంబర్లని ఒకటి చేశాక వెనక్కి వచ్చే దారి లేదు. డేటాబేస్‌లో మూడు కాలమ్‌లు ఉంటే వాటిని కలిపి ఒకటి చేసి, ఒరిజినల్ టేబుల్ డ్రాప్ చేసేవాణ్ణి మనం ఉద్యోగంలో ఉంచుతామా? అదే పని కెమెరాతో చేస్తే మాత్రం కళాకారుడు!

ఇక్కడ ఎవరో ఒకరు రాజా దీన్ దయాళ్ పేరెత్తుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్, ఆయన వేట ఫోటోలు చూడు, రంగుందా, అందం తగ్గిందా అని. అయ్యా, తగ్గలేదు. కానీ ఆయన కాలపు గాజు ప్లేట్లకి నీలం బాగా కనపడేది, ఎరుపు దాదాపు కనపడేది కాదు. అందుకే అప్పటి ఫోటోల్లో గోధుమరంగు కట్టె ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. ఆయన పోయింది 1905లో. అన్ని రంగుల వెలుగునీ పట్టే ప్లేట్లు బజారులోకొచ్చింది 1906లో, లూమియేర్ సోదరుల కలర్ ప్లేట్లు 1907లో. అంటే బ్లాక్ అండ్ వైట్ ఆయన ఎంచుకున్నది కాదు, అప్పుడున్నది అదే. ఆ రోజుల్లో మన దేశంలో స్టూడియోలు ఫోటోల మీద బ్రష్షుతో రంగులద్దించి మరీ ఇచ్చేవి. వాళ్ళు చేత్తో పూసుకున్న రంగుని మనం ఒక్క బటన్‌తో తుడిచేసి పాతకాలపు అందం అంటున్నాం. వాళ్ళ బగ్గు మన ఫీచరయ్యింది.

అవతలివైపు న్యాయం అసలే లేదనను. పిడి మీద కోసిన గీతల్లాంటి పనికి బ్లాక్ అండ్ వైట్ నిజంగానే బాగుంటుంది. అక్కడ చూపించాల్సింది రంగు కాదు, లోతు. పక్కనించి వాలుగా వెలుగు పడితే ఒక్కో గీతా లేచి కనిపిస్తుంది. ఇనుము మీది చెక్కడానికీ అంతే. కలర్ తీసేవాళ్ళ పాపాలు కూడా తక్కువేం కాదు. పసుపు బల్బు కింద తీసి, ఆపైన సాచురేషన్ పెంచి, అక్రోటుని నారింజపండు చేసి పెడతారు. అబద్ధం చెప్పే కలర్ కన్నా మౌనంగా ఉండే నలుపూ తెలుపూ నయం అంటే ఒప్పుకుంటాను.

కానీ దానికి మందు కలర్ మానెయ్యడం కాదు కదా. నీడలో తియ్యండి. మొదటి ఫ్రేములో పక్కన ఒక గ్రే కార్డు పెట్టండి. పాలిష్ మెరుపు అడ్డొస్తే పోలరైజర్ తిప్పండి. మంచి కట్టెలో చార, కోణం మారితే వెలుగుతుంది, ఆరుతుంది, అందుకని నాలుగు వైపులనించీ తియ్యండి. రా ఫైల్ దాచండి. తర్వాత ఆ కాపీని బ్లాక్ అండ్ వైట్ చేసుకోండి, సెపియా చేసుకోండి, మీ ఇష్టం. నిర్మల్ బొమ్మని నలుపూ తెలుపులో తీసి ఎవరైనా బొమ్మలు చేసేవాడి చేతికిస్తే ఏమంటాడో ఊహించండి. శ్రీనగర్‌లో బందూక్ ఖార్ మొహల్లా అని తుపాకులు చేసేవాళ్ళ పేటే ఉంది. అక్కడ కాశ్మీరీ అక్రోటు కట్టె కొనేవాడు ముందు చూసేది రంగూ, చారా. వాడికి మీ మూడ్ ఎందుకు?

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు వడ్లాయన కొడుకు ఇంటికొచ్చాడు. "మా బాపు చేతిపని అన్నా, ఒక్క ఫోటో ఉంటే ఇయ్యి, ఫ్రేం కట్టించుకుంట" అన్నాడు. లాప్‌టాప్‌లో చూపించాను. ఇరవై మూడూ ఓపిగ్గా చూశాడు. చివర్న, "రంగుది లేదా?" అన్నాడు. అంతే.

ఏం చెప్పాలో తెలియక నా తప్పు మొత్తం చెప్పేశాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ కట్టెలో మిగిలిన ముక్కతో వాళ్ళ నాయన చిన్న పీట చేశాడనీ, వాళ్ళమ్మ ఇప్పటికీ దానిమీదే కూర్చుని కూరగాయలు తరుగుతుందనీ చెప్పాడు. వెళ్ళాను. వాకిట్లో వేపచెట్టు నీడలో పెట్టి, గ్రే కార్డుతో, రాలో, నలభై తీశాను. అడుగుభాగం ఎవరూ ముట్టుకోక రంగు చెడలేదు. ఊదాగానే ఉంది, నల్లటి చారలు.

పెద్దనాయన స్క్రీన్ చూసి "ఆఁ, గిదే" అన్నాడు. మా బాపు మాత్రం పీట వేరే కట్టెదంటున్నాడు.