ఒకే కారుకు ఎన్ని మైలేజీలు?

కోల్‌కతా రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్ వీధుల్లో సరకు లారీల వెనుక చిక్కుకున్న కారు ఇంజను ఆడుతూనే ఉంటుంది; బండి మాత్రం కదలదు. ఆ కాసేపు లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న ప్రశ్నకు జవాబు సున్నాయే. కంపెనీలు ప్రకటించే అంకె ఇటువంటి వీధిలో పుట్టినది కాదు. ప్రయోగశాలలో రోలర్లపై, నిర్ణీత వేగక్రమంలో నడిపి దానిని తేలుస్తారు. ఈ సంగతి కార్ల యజమానులకు కొత్త కాదు. వారు అంతగా పట్టించుకోనిది, ఒకే పేరు గల కారులోనూ రకాన్నిబట్టి మైలేజీ మారుతుందన్న విషయాన్ని.

ఇందులో మాయ లేదు. ఖరీదైన రకానికి వెడల్పాటి టైర్లు, పెద్ద రిమ్ములు, సన్‌రూఫ్, అదనపు మోటార్లు అమరుస్తారు. బరువు పెరిగినకొద్దీ ఆగి కదిలిన ప్రతిసారీ ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. టైరు వెడల్పయితే సాధారణంగా రోడ్డు రాపిడి, గాలి నిరోధం కూడా పెరుగుతాయి. వెనుకటి మారుతి 800లో ఎ.సి. ఉన్నదానినీ, లేనిదానినీ నడిపిన వారికి ఈ తేడా అనుభవైకవేద్యమే, ఎ.సి. కంప్రెసర్‌ను తిప్పేదీ ఆ చిన్న ఇంజనే కదా!

2017 ఏప్రిల్ నుంచి కేంద్రం అమలుచేస్తున్న ఇంధన పొదుపు ప్రమాణాలు కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటును చూస్తాయి. చమురు దిగుమతుల భారం తగ్గించుకోవడానికి ఆ సగటు ఉపకరించవచ్చు. నెలనెలా పెట్రోలు ఖర్చు భరించే కొనుగోలుదారుకు కాదు. పొదుపైన రకం అంకెను పెద్దక్షరాల్లో చూపి, బరువైన రకాన్ని అంటగట్టే ధోరణికి అడ్డుకట్ట పడాలి. రకానికొక ధరను ముద్రించగలిగిన కంపెనీలు దాని సరసనే మైలేజీని ముద్రించలేకపోవు. ప్రభుత్వం ఆ నిబంధన విధించాలి.