పరుగు ముగిసిన పిమ్మట వచ్చు పూలదండలు

2025 సంవత్సరము మే మాసములో దక్షిణ కొరియా దేశపు గుమీ నగరమున జరిగిన ఆసియా అథ్లెటిక్ పోటీలలో మన విశాఖపట్టణపు బిడ్డ జ్యోతి యర్రాజి నూరు మీటర్ల కంచెల పరుగును 12.96 సెకండులలో ముగించి ప్రథమస్థానమును పొందెను. వానవలన ప్రేక్షకుల ఆసనములు దాదాపు శూన్యములై యుండెను. బహుమాన వేదికపై ఆమె కంట నీరు పెట్టుకొనుట చిత్రములలో చూచి దేశమంతయు కరిగిపోయినది. చప్పట్లు కొట్టు దిక్కైనను లేకపోయెనే యని ఎందరో వాపోయిరి. ఆ జాలి మంచిదే. కాని గుమీలో ఆసనములను ఖాళీ చేసినది వాన. ఎండకాసిన దినమున మన జిల్లా పరుగుపందెములలో మైదానమును ఖాళీ చేయుచున్నదేది? వాపోయినవారు ఈ ప్రశ్నను తమకు తాము వేసికొన్నట్లు కానరాదు.

ఆ పోటీలలోనే గుల్వీర్ సింగు 5,000, 10,000 మీటర్ల పరుగులలోను, అవినాశ్ సాబ్లే 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లోను స్వర్ణపతకములు గెలిచిరి. వారి పేర్లు మన బజారులలో ఎందరికి తెలియును? దూరపు పరుగు చూచుటకు వేడుకైన ఆట కాదు. అందు బంతి లేదు, కుస్తీ లేదు. ఒక మనుష్యుడు తెల్లవారుజామున లేచి ఏండ్ల తరబడి ఒంటరిగా పరుగెత్తును. కనుకనే ఆ పరుగువాని యెడల ఒక జాతి చూపు ఆదరమును బట్టి ఆ జాతి స్వభావమును తెలిసికొనవచ్చును.

ఫిన్లండు చిన్నదేశము. ఆ దేశీయుడైన పావో నుర్మి 1920 మొదలు 1928 వరకు మూడు ఒలింపిక్ క్రీడలలో తొమ్మిది స్వర్ణపతకములను, మూడు రజతపతకములను గెలిచెను. 1932లో ధనము పుచ్చుకొనుచున్నాడను నెపమున లాస్ ఏంజిలీసు క్రీడలనుండి ఆయనను తొలగించిరి. ఐనను స్వజనము ఆయనను విడువలేదు. 1952లో హెల్సింకిలో ఒలింపిక్ జ్యోతిని చేతబూని ఆయన మైదానమున ప్రవేశింపగానే ప్రేక్షకులు జయధ్వానములు చేసిరి. అప్పటికాయన పోటీలనుండి విరమించి చాలకాలమైనది. గెలుచుట మానినవానిని కూడ మరువని ప్రేమ యిది.

ఇథియోపియా మనవలెనే పేదదేశము. అబెబె బికిలా 1960లో రోము నగరమున వట్టికాళ్ళతో మారథాను పరుగెత్తి గెలిచెను. 1964లో టోక్యోలో మరల గెలిచెను. 1969లో కారు ప్రమాదమువలన ఆయనకు నడుము క్రింద చలనము పోయినది. 1973లో మరణించినపుడు చక్రవర్తియే అంత్యక్రియలకు వచ్చెను. వేలాది జనము వెంట నడిచెను. నడువలేని పరుగువానికిని ఆ గౌరవము తగ్గలేదు.

జపాను కథ వేరు. 1920లో ఆరంభమైన హకోనె ఎకిడెన్ అను పందెము ప్రతి సంవత్సరము జనవరి 2, 3 తేదీలలో జరుగును. విశ్వవిద్యాలయముల విద్యార్థులు జట్టునకు పదిమంది చొప్పున, భుజమునగల పట్టీని ఒకరినుండి ఒకరందుకొనుచు, టోక్యోనుండి కొండల మీదుగా హకోనె వరకు పోయి మరల వత్తురు. మొత్తము 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. జనవరి చలిలో దారికిరువైపుల జనము బారులు తీరి నిలుతురు. ముందువానికెంత చప్పట్లో కట్టకడపటివానికిని అంత చప్పట్లు.

అయితే అభిమానము సైతము హద్దు మీరిన బరువగును. 1964 టోక్యో మారథానులో రెండవవాడుగా మైదానము చేరిన కోకిచి త్సుబురాయాను తుదిఘడియలో ఒక ఆంగ్లేయుడు దాటిపోగా ఆయనకు కాంస్యపతకము దక్కెను. స్వజనులకు ద్రోహము చేసితినని కుమిలిన ఆ సైనికుడు 1968 జనవరిలో ప్రాణము తీసికొనెను. నేటి కెన్యాలోను ఇట్టి విపరీతమే కనబడినది. 2023లో 2 గంటల 35 సెకండులలో మారథాను ముగించి ప్రపంచమును విస్మయపరచిన కెల్విన్ కిప్టుమ్ 2024 ఫిబ్రవరిలో కారు ప్రమాదమున మరణింపగా, రెండు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ఎలియుడ్ కిప్చోగెకు ఆ మరణముతో సంబంధమంటగట్టి నిరాధారముగా దూషించిరి. ఆలుబిడ్డల క్షేమమునకై భయపడితినని ఆయనయే చెప్పుకొనవలసి వచ్చెను. మోసిన భుజములే పడవేయగలవు.

మన సంగతి యేమి? మనది ద్వేషము కాదు, అతిప్రేమయు కాదు, ఆలస్యము. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచెను. బాల్యమున ఆమె ఇరుగుపొరుగుల యెగతాళికి గురియైనట్లు తలిదండ్రులే పత్రికలకు చెప్పిరి. పతకము వచ్చిన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయలును, ఉద్యోగమును, ఇంటిస్థలమును ప్రకటించినది. ఇది యుక్తమే. కాని నాటి నవ్వునకును నేటి పూలదండకును నడుమ ఆ బిడ్డ పరుగెత్తిన దారి పొడవునా నిలిచినవారెందరు? గురువు, కన్నవారు, మరికొందరు. 2016 రియో మారథానులో పరుగు ముగించి స్పృహదప్పి పడిన ఓ.పి. జైషా, దారిలో మనవారి బల్లలవద్ద తనకు నీరందలేదని చెప్పినపుడు క్రీడాధికారులు కాదనిరి. వాదమెటులున్నను, దేశమునకై 42 కిలోమీటర్లు పరుగెత్తిన స్త్రీ గ్రుక్కెడు నీళ్ళ గూర్చి వాదింపవలసి వచ్చుటయే సిగ్గుచేటు. 1978లో శివనాథ్ సింగు 2 గంటల 12 నిమిషములలో మారథాను పరుగెత్తగా, ఆ జాతీయ ప్రమాణము నాలుగు దశాబ్దములకు మించి చెక్కుచెదరలేదు. ఇది ఆయనకు కీర్తి. ఆయన తరువాత ఎవ్వరిని తయారుచేసికొనలేని మనకు అపకీర్తి.

మన కొల్లేటి సీమవారికి చూచు వేడుక లేదనగలమా? సంక్రాంతి మూడుదినములును ఇచ్చటి బరులచుట్టు చట్టము వలదన్నను వేలకొలది జనము ప్రొద్దు పొడిచినది మొదలు దీపాలు పెట్టిన దాకా కాలు కదపక నిలుచును. డేగ యేదో, కాకి యేదో, నెమలి యేదో దూరమునుండియే చెప్పగల పండితులు ప్రతి గ్రామమునను కలరు. పుంజునకు బాదముపప్పు పెట్టి, ఈత కొట్టించి, నెలల తరబడి సాకు రైతు ఓర్పు సామాన్యము కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో 4×400 మీటర్ల పరుగున భారతదేశము పక్షమున పరుగెత్తిన సత్తి గీత పొరుగుననున్న మార్టేరు బిడ్డ. ఆ మాట బరివద్ద నిలిచినవారిలో నూటికెందరు చెప్పగలరు? మన కన్నులకు చూపు కలదు. పందెపు సొమ్ము లేని చోట ఆ చూపు నిలుచుట లేదు. అంతియే లోపము.

ఈ లోపము దిద్దుకొనుటకు కోటి రూపాయలు అక్కరలేదు, ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు. రానున్న సంక్రాంతికి ఒక్క ఉదయము కైకలూరునుండి కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి సన్నిధి వరకు పరుగుపందెము పెట్టుదము. చెరువుగట్లపైని పాఠశాల బాలురును బాలికలును పరుగెత్తుదురు గాక. ప్రతి యూరి మొదటను ఆ యూరి పెద్దరైతు నీళ్ళకుండతో నిలుచును గాక. మొదటివాని పేరెంత గట్టిగ పిలిచితిమో చివరిదాని పేరును అంత గట్టిగ పిలువుదము. నవ్వువారుండిన నవ్వవలదని చెప్పు పెద్దరికము మనదే. ఆ బిడ్డలలో ఒలింపిక్ క్రీడలకు పోవువారుందురో లేదో యెవరును చెప్పలేరు. పోకున్నను నష్టము లేదు. వానలో ఖాళీ ఆసనముల నడుమ ఏడ్చిన బిడ్డకు మనము బాకీపడిన చప్పట్లు ఇచ్చటనే, మన గట్లమీదనే, తీర్చవలసియున్నవి.