వెలుగులో వెసులుబాటు

ఛాయాగ్రాహకులు ‘ఎక్స్‌పోజర్ లాటిట్యూడ్’ అని వ్యవహరించేదానికి ‘వెసులుబాటు’ అన్న మన మాట చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. వెలుతురు కొలతలో హెచ్చుతగ్గులు జరిగినా చిత్రం చెడకుండా నిలిచే మేర అది. డిజిటల్ కెమెరాలో ఆ మేర రెండు వైపులా సమానంగా ఉండదు. పెండ్లి ఫొటోలు తీసేవారిలో పలువురు ఈ సంగతిని విస్మరిస్తున్నారన్నదే నా బాధ.

కలర్ నెగటివ్ ఫిల్ము అధికమైన వెలుగును ఓర్చుకొనేది. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపవుతుంది. అట్లా ఒకటి రెండు స్టాపులు హెచ్చినా ప్రింటు వేసేటప్పుడు సర్దుకొనేవారు. డిజిటల్ తీరు వేరు. సెన్సారులోని ప్రతి పిక్సెలునూ ఒక చిన్న గిన్నె అనుకోండి. అది నిండిన పిమ్మట ఎంత వెలుగు పడినా లెక్కలోకి రాదు. అక్కడ మిగిలేది వివరం లేని తెలుపే. నీడల్లో మాత్రం కొంత సమాచారం దాగి ఉంటుంది. దానిని పైకి తెస్తే ఇసుక చల్లినట్లు నాయిస్ కనిపించవచ్చు గాని, రూపం దక్కుతుంది.

ఇక పెండ్లిపీటల దగ్గరకు వద్దాం. వధూవరులు ఎర్రంచు తెల్లని మధుపర్కాలు ధరించి ఉంటారు. కెమెరా మీటరు దృశ్యాన్నంతటినీ నడిమి బూడిదరంగుగా ఎంచి, ఆ తెలుపును చూచి వెలుగు తగ్గిస్తుంది. ముఖాలు నల్లబడతాయి. వెంటనే ఛాయాగ్రాహకుడు వెలుగు పెంచుతాడు. చామనఛాయ వధువును ‘తెల్లగా’ చూపాలన్న మోజు తోడైతే మరింత పెంచుతాడు. మధుపర్కం నేత మాయమవుతుంది. పసుపుపచ్చని దీపకాంతిలో చర్మం మీద మొదట నిండేది ఎరుపు పాలు. అది నిండగానే మేనిఛాయ పాలిపోయి, నుదురూ చెక్కిళ్లూ సున్నం పూసినట్లవుతాయి.

“పెండ్లివారే తెల్లగా కావాలంటారండీ!” అని వారి సమాధానం. కావచ్చు. కాని సరిగా తీసిన చిత్రాన్ని తరువాత తేటపరచవచ్చు, పోయిన రంగును తిరిగి రాబట్టడం ఎవరి తరం? జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే. 12 బిట్ల రా ఫైలులో 4096, 14 బిట్లలో 16384. అందుచేత రా ఫైలులోనే తీయాలి. హిస్టోగ్రామ్ కుడి గోడకు ఒరిగిందేమో చూచుకోవాలి. మధుపర్కం నేత దక్కేటట్లు వెలుగు నిర్ణయించి, ముఖాన్ని తరువాత పైకి తేవాలి. ముఖం మీదికి కాస్త మెత్తని ఫ్లాష్ వెలుగు మళ్లిస్తే ఇంకా మేలు.

మాంగల్యధారణను మళ్లీ జరిపించి ఫొటో తీయలేము. రేపు మనుమరాలు ఆల్బమ్ తెరచి, “అమ్మమ్మ ఛాయ నాకే వచ్చింది” అని మురిసిపోవాలంటే, ఆ ఛాయ ఫొటోలో మిగలాలి కదా!