అద్దెయిండ్లు - అప్పులెక్కలు

ఇల్లు కట్టి అద్దెకిచ్చినవాడు నిశ్చింతగా నుండునని మన పెద్దలు తలచిరి. వారు రొక్కము కూడబెట్టి కట్టిరి. కావున అద్దె యంతయు వారిదే. నేటి హైదరాబాదు మదుపరి బ్యాంకుసొమ్ముతో గొనుచు నదే నిశ్చింతను గోరుచున్నాడు.

లెక్క చూతము. 80 లక్షల ఫ్లాటునకు నెలకు 20,000 రూపాయల అద్దె వచ్చుననుకొందము. అనగా ఏటికి నూటికి మూడు రూపాయలు. అందు 60 లక్షలు ఇరువదియేండ్ల గడువున అప్పు దెచ్చినచో, నూటికి 7 వడ్డీపై నెలవాయిదా సుమారు 46,500. వడ్డీ 9½ అయినచో 55,900. ఈ భేదము వట్టి యూహ గాదు. 2020 మే నెలలో 4కు దిగిన రిజర్వుబ్యాంకు రెపోరేటు 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల 6.5కు ఎగబ్రాకెను. 2025లో మరల తగ్గినది. తగ్గినపుడు బ్రోకరులు చేయు సందడి పెరిగినపుడు వినరాదేమి?

2020లో కార్యాలయములు మూతపడి యుద్యోగులు స్వగ్రామములకు మరలినపుడు మాదాపూరు, గచ్చిబౌలి వీథులలో టులెట్ పలకలు వ్రేలాడెను. బ్యాంకులు వాయిదాలకు గడువిచ్చినను వడ్డీ నిలువలేదు.

పన్ను తగ్గునను ఆశయు గరగుచున్నది. అద్దెయింటి నష్టమును జీతాదాయమునుండి తీసివేయుటకు 2017లో 2 లక్షలు హద్దుగా విధించిరి. క్రొత్త పన్నువిధానమున నదియు లేదు.

ధర పెరుగునందురా? పెరుగవచ్చును. ఆ లాభము అమ్మిననాడు చేతికి వచ్చును. వాయిదా నెలనెలా వచ్చును. ఇల్లు మూడునెలలు ఖాళీగా నున్నచో దానిని ఎక్కడినుండి తెచ్చి కట్టెదరో ముందు కాగితముపై వ్రాసికొని, పిదప బయానా యిత్తురుగాక.