నీళ్ళు కాచిన పిల్ల

వీరాభిమానం మీద తీసిన సినిమా అనగానే ఒక మహానటుడూ, ఆయన గుమ్మం ముందు పడిగాపులు కాసే జనమూ మన మనసులో మెదులుతారు. కటౌట్లకు పాలాభిషేకాలు చూసిన కళ్ళు గదా మనవి! ఫిలిప్పీన్సు దర్శకుడు లీనో బ్రోకా 1980లో తీసిన ‘బోనా’లో ఆ మహానటుడే లేడు. వున్నది గార్డో అనే చిల్లర వేషగాడు. గుంపులో ఒకడుగా తెరమీద కనిపించి మాయమయ్యే బాపతు. ఆ మనిషికోసం చదువు మానేసి షూటింగుల వెంట తిరిగే మధ్యతరగతి పిల్ల బోనా.

ఈ చిత్రంలో నన్ను పట్టేసిన సంగతి యిదే. తారను ఆరాధించడంలో తార గొప్పతనానికి కొంత వాటా వుంటుందని మనం సరిపెట్టుకుంటాం. బ్రోకా ఆ వాటా కాస్తా తీసివేశాడు. దేవుడిలో దైవత్వం రవంత కూడా లేకపోతే భక్తి ఏమవుతుంది? ఏమీ కాదు, నిక్షేపంలా వుంటుంది. అదీ భయం.

సినిమా మొదలయ్యేది మనీలాలోని కియాపో చర్చి వుత్సవంతో. సిలువ మోసే నల్లని ఏసు విగ్రహాన్ని ఏటా జనవరి 9న వూరేగిస్తారు. వేలూ లక్షలూగా జనం, వట్టి కాళ్ళు, రథం తాడుకోసం తోపులాట. తువ్వాళ్ళు పైకి విసిరితే, విగ్రహం దగ్గర వున్నవాళ్ళు వాటిని స్వామికి అద్ది తిరిగి విసురుతారు. ఆ జనసముద్రంలో బోనా ముఖం కనిపిస్తుంది. మరి కాసేపటికి అదే ముఖం షూటింగు దగ్గర కనిపిస్తుంది. చూపులో తేడా లేదు. దర్శకుడు నోరు విప్పి ఒక్క ముక్క వ్యాఖ్యానించడు, అక్కర్లేదు కూడా.

తండ్రి బెల్టుతో కొడతాడు. పిల్ల యిల్లు వదిలి మురికివాడలో గార్డో గుడిసె చేరుతుంది. పెళ్ళాంగా కాదు, ప్రియురాలిగానూ కాదు. వంట, బట్టలు, నీళ్ళు. ముఖ్యంగా నీళ్ళు. మోసుకొచ్చి, కాచి, ఆ మహానుభావుడి ఒళ్ళు రుద్ది స్నానం చేయిస్తుంది. అతగాడు వేరే ఆడవాళ్ళను యింటికి తెచ్చుకున్నా ఆమె పొయ్యి ఆరదు. “ఈ పిల్లకు కావలసింది మొగుడు కాదండీ, కొలువు” అంది మా ఆవిడ చూస్తూ చూస్తూ. విమర్శకులు రాసిన నాలుగు పేజీలకన్నా నాకా మాటే నచ్చింది.

శ్రవణం, కీర్తనం అంటూ భక్తిని తొమ్మిది విధాలుగా ప్రహ్లాదుడు తండ్రికి వల్లించాడని తరగతిలో ఏటా చెబుతూ వుంటాను. పాదసేవనం, అర్చనం, దాస్యం — మూడూ ఈ పిల్ల చేసింది. సఖ్యం మాత్రం గార్డో దరికి రానివ్వలేదు. అక్కడ తండ్రి చస్తే కొడుకు గెలిచినట్టు; ఇక్కడ తండ్రి పోతే పిల్లకు వెనక్కు పోయే దారి పోయింది. చూడబోయిన చెల్లెల్ని అన్న తన్ని తగిలేశాడు.

ఇక అసలు విచిత్రం బోనా వేషం కట్టిన నోరా ఆనర్. 1953లో ఇరిగా వూళ్ళో పేదయింట పుట్టింది. చిన్నతనంలో రైలుస్టేషనులో మంచినీళ్ళమ్మింది. 1967లో ఒక పాటలపోటీ గెలిచి సినిమాల్లోకి వచ్చింది. తెల్లతోలు, పొడుగు ముక్కు వుంటేనే నాయిక అనే ఆ పరిశ్రమలో పొట్టిగా, నల్లగా వుండే ఈ పిల్ల ‘సూపర్‌స్టార్’ అయి కూర్చుంది. ఆమె అభిమానులకు ‘నోరానియన్లు’ అని వేరే పేరే పుట్టింది. అంటే ఆ దేశంలో ఎందరో బోనాలకు దేవత ఆవిడే! అటువంటి మనిషి తన సొంత సంస్థ తరఫున డబ్బు పెట్టి, ఆరాధించే పిల్ల వేషం తనే వేసుకుంది. తన గుమ్మం ముందు నిలబడ్డ ముఖాలను ఏళ్ళతరబడి చూసి వుండాలి; లేకపోతే ఆ చూపు పట్టుబడదు. నోరు తెరిచి మాట్లాడే ఘట్టాలు తక్కువే. బరువంతా కళ్ళమీదే. రెండేళ్ళ తరవాత, 1982లో, ‘హిమాలా’లో జనం మొక్కే మహిమల పిల్లగా వేసింది. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి చూడాలి.

‘బోనా’ 1981లో కాన్ వుత్సవాలప్పుడు ప్రదర్శితమైంది. తరవాత చాలాకాలం మంచి ప్రతి చూడడమే గగనమైంది. 2024లో బాగుచేసిన ప్రతిని మళ్ళీ కాన్‌లోనే వేశారు. బ్రోకా అప్పటికి లేడు. 1991లోనే కారు ప్రమాదంలో పోయాడు. నోరా 2025 ఏప్రిల్ 16న కన్నుమూసింది. ప్రభుత్వ లాంఛనాలతో వీరుల శ్మశానంలో పాతిపెట్టారు.

చివరి ఘట్టం చెప్పకూడదు గాని, చెప్పకుండా వుండలేను. యిల్లమ్మేసి ఒకావిడతో అమెరికా పోతున్నానని గార్డో తాపీగా చెబుతాడు. పొయ్యిమీద ఎప్పటిలాగే అతని స్నానానికి నీళ్ళు మరుగుతున్నాయి. ఈసారి బోనా చన్నీళ్ళు కలపదు.