పుస్తకాల వెనక తలుపు

సాహితీ క్లబ్ పత్రికలో బార్ గురించి రాస్తున్నాడేంటని కంగారు పడకండి. ఈ కథలో పుస్తకాలు కూడా ఉన్నాయి. అసలు మొదలైందే పుస్తకాలతో.

మొన్న వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం రెండు నెలలు హైదరాబాద్‌లో ఉన్నాం. స్టైపెండ్ పడిన శనివారం సాయంత్రం మా సీనియర్ ఒకాయన "మీకో చోటు చూపిస్తా, ఎవరికీ చెప్పొద్దు" అని మమ్మల్ని ముగ్గురినీ జూబ్లీహిల్స్ వైపు తీసుకెళ్లాడు. బోర్డు లేదు. కింద మామూలు కాఫీ షాపు. లోపలికి వెళ్తే, వాష్‌రూమ్ దారిలో గోడ నిండా పుస్తకాల అలమర. క్లబ్ సెక్రటరీని కదా, చెయ్యి ఊరుకోదు. ఒక పుస్తకం లాగాను. రాలేదు. పక్కది లాగాను. అదీ రాలేదు. అన్నీ ఉత్త అట్టలే, వరసగా చెక్కకి అంటించేశారు. మా సీనియర్ నవ్వి, తన ఫోన్‌కి వచ్చిన రహస్య పదాన్ని అక్కడ నిలబడ్డ మనిషికి మెల్లగా చెప్పాడు. అలమర మొత్తం తలుపులా తెరుచుకుంది.

అప్పుడే ఆ మనిషి మా రూమ్మేట్ కాళ్ల వైపు చూశాడు. వాడు చెప్పులేసుకుని వచ్చాడు. "సారీ సార్, షూస్ కంపల్సరీ." చాలా మర్యాదగా అన్నాడు, తిట్టినా బాగుండేది. వాడు నవ్వేసి "నాకు ఎట్లాగూ తలకాయ నొస్తున్నది. నేను రూంకి పోత, మీరు పోన్రి" అన్నాడు. మేం ఒక్క నిమిషం నిలబడ్డాం. ఆ తర్వాత లోపలికి వెళ్లాం.

లోపల బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మసక దీపాలు, ఎర్ర సోఫాలు, పాత అమెరికన్ జాజ్, నల్ల చేతులులేని కోట్లు వేసుకున్న బార్‌టెండర్లు. గోడ మీద 1920ల నాటి అమెరికన్ పేపర్ల నకళ్లు. మెనూ మీద తుపాకీ బొమ్మ. తెలంగాణలో మందు తాగడానికి 21 నిండాలి. నాకు నిండాయి గానీ నేను తాగింది నిమ్మరసం, పుదీనా కలిపిన మాక్‌టెయిలే. దానికే 450 రూపాయలు, పైన ట్యాక్స్. మా అమ్మమ్మ మీద ఒట్టు. అమ్మమ్మ సంగతి తర్వాత చెప్తాను.

ఇలాంటి చోట్లని స్పీక్‌ఈజీ అంటారు. గట్టిగా అరవకు, మెల్లగా అడుగు అని. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికాలో మద్యం తయారీ, అమ్మకం, రవాణా అన్నీ నిషేధం. అయినా తాగేవాళ్లు మానలేదు, అమ్మేవాళ్లూ మానలేదు. దాచడంలో మాత్రం తెలివి మీరిపోయారు. న్యూయార్క్ 52వ వీధిలో '21 క్లబ్' అని ఉండేది. మెకానికల్ వాళ్లు ఇది తప్పకుండా చదవాలి. దాని నేలమాళిగ తలుపు బరువు రెండు టన్నుల పైమాట, చూస్తే మామూలు ఇటుక గోడ. ఇటుకల మధ్య ఒక చిన్న కంతలో సన్నటి ఇనప చువ్వ దూరిస్తేనే తెరుచుకునేది. వైన్ దాచిన గది నిజానికి పక్క బిల్డింగ్ కింద ఉండేది. పోలీసులు వచ్చి అడిగితే "మా బిల్డింగ్‌లో చుక్క మందు లేదు" అని చెప్పొచ్చు, అది నిజమే కూడా! పైన బార్‌లో మీట నొక్కితే అలమర ఒరిగి సీసాలన్నీ గొట్టంలోంచి కిందికి జారిపోయేవి, పగిలిపోయేవి.

పోస్టర్ మీద వేయని సంగతి ఇంకొకటుంది. దొంగ సారాలోకి పరిశ్రమల్లో వాడే ఆల్కహాల్ మళ్లుతోందని అమెరికా ప్రభుత్వమే అందులో మిథనాల్ లాంటి విషాల పాళ్లు పెంచింది. అది తాగి చాలామంది చచ్చిపోయారు, చూపు పోయినవాళ్లూ ఉన్నారు. ఎక్కువగా నష్టపోయింది మంచి సరుకు కొనలేని పేదవాళ్లు. రెండు టన్నుల తలుపు వెనక కూర్చున్నవాళ్లకి కెనడా విస్కీ దొరికేది.

నిషేధం పోయాక స్పీక్‌ఈజీల అవసరం తీరిపోయింది. మళ్లీ ఈ ఫ్యాషన్ వచ్చింది 2000 ప్రాంతంలో, అదీ న్యూయార్క్‌లోనే. 'మిల్క్ అండ్ హనీ' అనే చిన్న బార్ బోర్డు లేకుండా నడిచింది. 2007లో వచ్చిన 'పీడీటీ' అనే బార్‌కి పక్కనున్న హాట్‌డాగ్ కొట్లోని టెలిఫోన్ బూత్‌లోంచి వెళ్లాలి. 'దయచేసి ఎవరికీ చెప్పకండి' అనే మాటకి అది పొట్టి పేరు. పేరే అలా పెట్టాక అందరూ అందరికీ చెప్పారు, అది వేరే విషయం. ఆ గాలి మన దాకా వచ్చి దిల్లీ వసంత్ విహార్‌లో 'పీసీఓ' అయింది. పాస్‌కోడ్ ఉంటేనే ప్రవేశం. మా నాన్నకి పీసీఓ అంటే రాత్రి రేటు తగ్గే దాకా క్యూలో నిలబడి, మీటర్ చూసుకుంటూ గబగబా మాట్లాడిన పసుపు బోర్డు డబ్బా.

ఇదొక్కటే కాదు, మన దగ్గర థీమ్‌లు ఎలా ఉన్నాయో గమనించారా? జైల్ మండీ ఉంది. ఊచల వెనక కూర్చుంటే ఖైదీ బట్టలేసుకున్నవాళ్లు బిర్యానీ వడ్డిస్తారు. సంగారెడ్డి పాత జైల్లో అయితే ఏకంగా 'ఫీల్ ది జైల్' అని 2016లో మొదలుపెట్టారు, 500 రూపాయలు కడితే 24 గంటలు లోపల పెట్టేవారు. అదే జైల్లో నిజంగా ఉండొచ్చినవాడు ఆ 500 కడతాడా? కష్టం ఎవరిదో ఒకరిది తీసుకుని, అందులోంచి కష్టాన్ని పిండేసి, మిగిలిన బొమ్మని అమ్ముతున్నారు. అది కొనగలిగేది ఆ కష్టం పడనివాళ్లే.

థీమ్ కేఫ్‌లన్నీ ఇంతేనని అనను. పిల్లుల కేఫ్ 1998లో తైవాన్‌లో మొదలైనా ఊపందుకుంది జపాన్‌లో. అక్కడ చాలా అద్దె ఇళ్లలో పెంపుడు జంతువుల్ని ఒప్పుకోరు. పిల్లి కావాలి, ఇంట్లో కుదరదు, అందుకని కేఫ్. అది నిజమైన అవసరం. ఇంకోటి, ఈ వ్యాసం మొదటి డ్రాఫ్ట్‌లో నేను ఇరానీ కేఫ్‌ల్ని ఆకాశానికెత్తేశాను. పాలరాతి బల్లలు, ఉస్మానియా బిస్కెట్, ఆటో అన్న పక్కనే సూటు వేసుకున్న లాయరు, చెప్పులెవరూ చూడరు, వగైరా. మా క్లాసమ్మాయి చదివి "నేనొక్కదాన్నే అక్కడ గంటసేపు కూర్చుని చదువుకోగలనా? బోర్డ్ గేమ్స్ కేఫ్‌లో కూర్చోగలను" అంది. ఒప్పుకున్నాను, పేరా కొట్టేశాను. తలుపు తెరిచి ఉన్నా అందరూ లోపలికి రాలేకపోవచ్చు.

అందుకే నా గొడవ అలంకారంతో కాదు, ఆ దాచిన తలుపుతో. 1920ల్లో తలుపు దాచింది పోలీసుల నుంచి. ఇప్పుడు ఆ బార్‌కి లైసెన్సు ఉంది, జీఎస్టీ బిల్లు ఇస్తారు, పోలీసులకి అడ్రసు తెలుసు. మరి అలమర ఎవరి నుంచి దాస్తోంది? ఆ రాత్రి నేను చూసినంతలో ఒక్క మా రూమ్మేట్ నుంచి. 'అందరికీ తెలియదు' అనే ఆనందం కావాలంటే ఎవరో ఒకరు బయట ఉండాలి కదా. ఆ 450లో నిమ్మకాయ ఖరీదు ఎంతో తెలియదు గానీ, వాడు బయట ఉన్నందుకు కూడా నేను కొంత కట్టానని నా అనుమానం.

ఇక అమ్మమ్మ. ఆమెది నెల్లూరు జిల్లా, కలిగిరి దగ్గర పల్లె. ఆ మండలంలోదే దూబగుంట. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సారా గురించిన పాఠం చదివి, మాట్లాడుకుని, వెళ్లి సారా దుకాణం మూయించిన ఊరు. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆపించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. అమెరికా నిషేధానికి సరిగ్గా 75 ఏళ్ల తర్వాత, అదే నెల. మనది 1997 దాకానే నిలిచింది. వేలంపాట ఆపడానికి వెళ్లినవాళ్లలో అమ్మమ్మ కూడా ఉంది. నిషేధం వచ్చాక తాత మానేశాడా అంటే, లేదు. మా ఊరి స్పీక్‌ఈజీ చెరువు కట్ట కింద తుమ్మచెట్ల చాటున ఉండేదట. రేటు రెట్టింపు. పాస్‌వర్డ్ దగ్గు.

నేను లాగినప్పుడు రాని ఆ పుస్తకాలు, దుకాణం మూయించిన ఆ వాచకం, రెండూ నా బుర్రలో కలిసిపోయి సెలవులకి వెళ్లినప్పుడు అమ్మమ్మకి అంతా చెప్పాను. మద్యనిషేధం థీమ్ అంటే ఏంటో అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. విని చాలాసేపు నవ్వింది.

"మీ తాత దాక్కుని తాగతా ఉంటే నేను పొరక తీసుకోని ఎతకతా ఉండేదాన్ని. మీరు డబ్బులు కట్టి మరీ దాక్కుంటా ఉండారా అబ్బయా!"

నేనూ నవ్వాను. ఆమె చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కాసేపు ఊరుకుని, మళ్లీ అడిగింది.

"అది సరేగానీ, చెప్పులేసుకోనొచ్చిన పిలకాయ ఉండాడే, ఆ రాత్రి వాడేం తిన్నాడు?"

రెండు నెలలు ఒకే గదిలో ఉన్నాం. నేను అడగలేదు.