నోబుల్ పాఠశాల ద్వారము

ఒక విద్యాలయమును గూర్చి విచారించునపుడు, దానిని స్థాపించినవాడెవడు, అతడే మతస్థుడు, ఏ దేశస్థుడు అని అడుగుట లోకమున పరిపాటి. ఆ ప్రశ్న కూడదని మేము చెప్పము. కాని దానితోపాటు అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. ఆ విద్యాలయపు ద్వారము ఎవరికి తెఱచియుండెను? ఎవరికి మూసియుండెను? బందరులోని నోబుల్ పాఠశాల చరిత్రను ఈ రెండవ ప్రశ్నతో చదివినయెడల, దానిని కొనియాడువారికిని, దూషించువారికిని గూడ కొంత సంకోచము కలుగక తప్పదు.

మచిలీబందరు ఆంగ్లేయ వర్తకులు 1611లో స్థావరము వేసికొనిన రేవు. పందొమ్మిదవ శతాబ్ది నడుమకు ఆ రేవు వైభవము తఱిగిపోయినది; అద్దకపు బట్టల బేరము సన్నగిలినది; కచేరీ కొలువులు మాత్రము మిగిలినవి. అట్టి పట్టణమునకు 1841లో చర్చి మిషనరీ సంఘము పక్షమున ఇరువురు యువకులైన మతగురువులు వచ్చిరి. ఒకరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఫాక్సు మతబోధకు పూనుకొనెను. కేంబ్రిడ్జిలో చదివిన నోబుల్ ముందుగా తెలుగు నేర్చుకొని, 1843 నవంబరులో పాఠశాల తెఱచెను.

అంతకు పూర్వము మన దేశమున చదువే లేదని కొందఱు వ్రాయుదురు. అది సత్యము గాదు. గవర్నరు మన్రో 1822లో ఆరంభించిన విచారణలో మద్రాసు రాజధాని యంతట 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. మన వీధిబడులలో అక్షరములు, ఎక్కములు, లెక్కలు, పద్యములు నేర్పుచుండిరి. వానిలో లేనిది ఏలినవారి భాష. 1844లో గవర్నరు జనరలు హార్డింజి, ఆంగ్లము నేర్చినవారికే సర్కారు కొలువులలో మొగ్గు చూపవలెనని తీర్మానించినాడు. నోబుల్ బడి తెఱచిన మఱుసటి యేడే ఆంగ్లపు చదువునకు కొలువుల సంతలో వెల కట్టబడినదన్నమాట. బ్రాహ్మణ గృహస్థులు మిషను బడికి తమ బిడ్డలను పంపుటకు ఇంతకన్న వేఱు కారణము వెదకనక్కఱలేదు.

నోబుల్ తన ఉద్దేశమును దాచుకొనలేదు. బైబిలు పాఠము లేని చదువు ఆ బడిలో లేదు. అగ్రవర్ణములవారు క్రైస్తవమును గ్రహించినచో తక్కిన సంఘము వారివెంట నడచునని అతని నమ్మకము. ఆ నమ్మకమునకు అనుగుణముగనే ద్వారము నిర్మించినాడు. మాల మాదిగల బిడ్డలను చేర్చుకొనలేదు. క్రీస్తు సన్నిధిని జాతిభేదము లేదని బోధించుచు బడిలో పాటింపవచ్చునా యని అడిగినవారికి అతడు చెప్పిన సమాధానము వింతగా నుండును. ఇంగ్లండులో ఎంత భక్తిగల తల్లిదండ్రులైనను తమ బిడ్డలను వంటవారితోను, సేవకులతోను కలిపి చదివింతురా యని అతడు ఎదురు ప్రశ్న వేసెను. అనగా మన దేశపు కులమును సమర్థించుటకు తన దేశపు అంతస్తులను సాక్ష్యము తెచ్చుకొనెను. అతడు మన కులవ్యవస్థను సృష్టింపలేదు. కాని దానిని తన బడి గుమ్మమునకు తోరణముగ గట్టెను.

ఇక 1852వ సంవత్సరము. ఆ యేట పాఠశాల విద్యార్థులలో ఇరువురు, ఒక బ్రాహ్మణ యువకుడును ఒక వెలమ యువకుడును, బాప్తిస్మము పొందిరి. ఊరు అట్టుడికినట్లు ఉడికినది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించిరి. కిటకిటలాడిన గదులు వట్టివయ్యెను. ఆ తల్లుల దుఃఖమును పరిహసించు అధికారము ఎవరికిని లేదు. కన్నకొడుకు ఒక్క దినమున ఇల్లు, పంక్తి, పితృకార్యములు విడిచిపోయిన నాడు ఆ యింట జరిగినది మరణముతో సమానమే. చదువుకై పంపిన పసివాని మనస్సును మతమునకు మలచుకొనుట ఎంతవఱకు ధర్మమను ప్రశ్న ఆనాడు న్యాయమైనదే, ఈనాడును న్యాయమైనదే.

కాని తరువాత ఏమి జరిగినది? కొంతకాలమునకు పిల్లలు మరల వచ్చిరి. అదే బడి, అదే బైబిలు, అదే గురువు. కోపము చల్లారినది, కొలువు ఆశ చల్లారలేదు. ఈ సంగతి మనము నిజాయితీతో ఒప్పుకొనవలెను. మన పెద్దలు మతమునకు భయపడిరి గాని, ఆ భయమును పోగొట్టు స్వంత విద్యాలయమును వెంటనే కట్టుకొన లేకపోయిరి. నింద మిషనరీపై వేసి, బిడ్డను మిషనరీ బడికే పంపిరి.

ఇంతలో చరిత్ర నోబుల్ నమ్మకమును తలక్రిందులు చేసినది. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య యను మాల పెద్ద, డార్లింగు అను మతగురువు చేతిమీదుగ బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట ఆ సంఘము కృష్ణా తీరపు మాలపల్లెలలో పెరిగినది. నోబుల్ ఎవరికొఱకు ద్వారము తెఱచెనో వారు చదువు పుచ్చుకొని మతమును వదలిరి. ఎవరికి ద్వారము మూసెనో వారు మతమును పుచ్చుకొని చదువుకొఱకు పల్లెబడుల గుమ్మములయొద్ద వేచియుండిరి.

ఆ మనుష్యుని నిష్ఠను మాత్రము తక్కువ చేయరాదు. వివాహమాడక, స్వదేశమునకు ఒక్కమాఱైనను తిరిగి పోవక, ఇరువది నాలుగేండ్లు బందరులోనే గడపినాడు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణమును ముంచివేసినది. ఆ ఉపద్రవమున సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ శిథిలముల నడుమ మఱుసటి యేడు, 1865 అక్టోబరులో, నోబుల్ మరణించెను. బడి నిలిచినది. పిదప అది కళాశాలగ పెరిగి అతని పేరనే ప్రసిద్ధి చెందినది.

ఆ కళాశాలలోనే రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు కొంతకాలము అధ్యాపకులై యుండిరి. వారు బ్రహ్మసమాజీయులు. క్రైస్తవ విద్యాలయమున ఒక బ్రహ్మసమాజీయుడు శీలమును బోధించుట, హిందూ బాలురు దానిని శిరసావహించుట! ఈ దృశ్యము 1843లో ఎవరి ఊహకును అందియుండదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు వారి ప్రభావమున మనస్సు దిద్దుకొనినవారు. ఆ మిత్రులే కోపల్లె హనుమంతరావుగారితో కలిసి 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అక్కడ చదువుతోపాటు చేతిపనులకును, కళలకును స్థానము దొరకినది.

1852కును 1910కిని నడుమ ఏబది యెనిమిదేండ్లు. రోషము ఒక్క పూటలో పుట్టును. జాతీయ విద్యాలయము పుట్టుటకు రెండు తరములు పట్టినది. ఆ పుట్టుకకు కావలసిన విద్యలో కొంత పాలు పరుల బడినుండియే వచ్చినది. ఈ ఋణమును ఒప్పుకొనిన మాత్రమున జాతి గౌరవమునకు లోపము లేదు. ఋణము ఎఱుగనివాడే చిన్నవాడు.

అయినను లెక్క ఇంతతో తీరలేదు. మిషనరీలు కులమును చూచి ద్వారము మూసిరని మనము ఎత్తిపొడిచినచో, మన అగ్రహారములలోని బడులు ఎవరికి తెఱచియుండెనని వారు అడుగగలరు. ఈ విషయమున ఇరుపక్షములును ఒకే దోషమున భాగస్వాములు. నోబుల్ జంకినది మన పెద్దలకే. మన పెద్దలు శాంతించినది అతని జంకు చూచియే. ఇరువుర నడుమ కుదిరిన ఆ మౌనపు టొడంబడికకు మూల్యము చెల్లించినది బడి బయట నిలిచిన బిడ్డ. ఆ బిడ్డ పేరు ఏ పాఠశాల పట్టీలోను వ్రాయబడలేదు.

నేటి సంగతి యేమి? 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ పాత చిక్కులలో కొన్నిటిని విప్పినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాలయములు స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. 28వ అధికరణము, ప్రభుత్వ గుర్తింపుగాని ధనసహాయముగాని పొందు విద్యాలయమున ఇష్టము లేనివానిపై మతబోధ రుద్దరాదని శాసించినది. 29వ అధికరణము, ప్రభుత్వ ధనము పుచ్చుకొను విద్యాలయము మతము, కులము చూచి ఎవ్వరిని కాదనరాదని విధించినది. 1852నాటి తల్లి భయమునకును, మాలపల్లె బిడ్డ మొఱకును ఆ శాసనములలో సమాధానము గలదు.

కాని ద్వారము మూయుటకు కులమొక్కటియే గడియ కాదు. రుసుము మఱియొక గడియ. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలల మొదటి తరగతిలో నూటికి ఇరువదియైదు స్థానములు బీదబిడ్డలకు ఈయవలెనన్నది. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరియైనదేనా యని 2025లో అదే న్యాయస్థానమున ఇరువురు న్యాయమూర్తులు సందేహము వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనము విచారింపదగునని సూచించిరి. ఆ వివాదము న్యాయవాదులది. మేము అడుగునది దానికన్న చిన్నప్రశ్న. చట్టము బలవంతపెట్టినగాని బీదబిడ్డకు తావీయరాదని ఏ సువార్త చెప్పినది? హిందువులు నడుపు పాఠశాలలను గూడ ఇదే ప్రశ్న అడుగుచున్నాము. వేలకు వేలు రుసుము గుంజి, గుమ్మమున సరస్వతీ విగ్రహము నిలిపినంతమాత్రమున అది జాతీయ విద్య కానేరదు.

క్రైస్తవ విద్యాలయములు తమ వార్షికోత్సవములలో స్థాపకుని త్యాగమును స్మరించుట న్యాయమే. ఆ దినమున అతడు మూసిన ద్వారమును గూడ స్మరించినయెడల ఆ స్మరణకు నిండుదనము వచ్చును. మనమును, పరులు కట్టిన బడిని నిందించుటకు ముందు, మన వీధిలో మనము కట్టిన బడి ఏదని యోచింపవలెను. కట్టినవాని పేరు రాతిపై చెక్కుదురు. అది కొంతకాలము నిలుచును. లోనికి రానిచ్చిన బిడ్డల జీవితములు మాత్రమే బడికి నిజమైన శాసనములు. మీ యూరి పాఠశాల గుమ్మమువఱకు వచ్చి తిరిగిపోవుచున్న బిడ్డ యెవరో, ఈ పత్రిక మడిచి పెట్టునపుడు ఒక్క క్షణము తలచుకొనుడు.